కట్ అయిన డబ్బు, ఆగిన డబ్బు: ప్రీ-ఆర్డర్ ప్రశ్నలు

బీటా, అంటే విడుదలకు ముందు ఆడి చూడటానికి ఇచ్చే పరీక్షా రూపం, ఆడే అవకాశం వస్తుందని గేమ్ ప్రీ-ఆర్డర్ చేసినవాళ్ల ప్రశ్నలు ఈసారి చాలా వచ్చాయి. వాటిలో గేమ్ గురించి అడిగినవి తక్కువ, కార్డు గురించి అడిగినవి ఎక్కువ. కాబట్టి ముందు డబ్బు సంగతి.

ప్రశ్న: గేమ్ విడుదలకు ఇంకా నాలుగు నెలలుంది. ‘పంపేటప్పుడే డబ్బు తీసుకుంటాం’ అని స్టోర్ పేజీలో స్పష్టంగా ఉంది. ఆర్డర్ పెట్టిన నిమిషానికే నా డెబిట్ కార్డు ఖాతాలో పూర్తి ధర తగ్గిపోయింది. మాట తప్పినట్టేనా?

చాలావరకు తప్పలేదు. ఆ డబ్బు ఇంకా స్టోర్‌కి చేరలేదు. మీ బ్యాంకులోనే ఉంది, కాకపోతే మీ చేతికి అందని చోట ఉంది.

కార్డుతో చెల్లించడం ఒక్క దెబ్బతో అయిపోయే పని కాదు, రెండు మెట్లు. మొదటిది ఆథరైజేషన్. ‘ఈ కార్డు చెల్లుతుందా, ఇంత మొత్తం ఉందా’ అని స్టోర్ తన పేమెంట్ గేట్‌వే (చెల్లింపు సమాచారాన్ని చేరవేసే మధ్యవర్తి సేవ) ద్వారా, కార్డు నెట్‌వర్క్ మీదుగా మీ బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ, బ్యాలెన్స్ చూసుకుని సరే అనుకుంటే ఆరు అక్షరాల ఆథరైజేషన్ కోడ్ ఇచ్చి, ఆ మొత్తాన్ని పక్కన పెడుతుంది. బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టన్నమాట. సీటు ఖాళీగానే ఉంటుంది, ఇంకొకరు కూర్చోవడానికి మాత్రం ఉండదు. దీన్నే హోల్డ్ అంటారు. రెండో మెట్టు క్యాప్చర్. ‘ఇప్పుడు ఆ డబ్బు ఇవ్వండి’ అని స్టోర్ అడగడం. అప్పుడే డబ్బు నిజంగా కదులుతుంది. మామూలు కొనుగోలులో ఈ రెండూ వెంటవెంటనే జరిగిపోతాయి కనుక తేడా మన కంటపడదు. ప్రీ-ఆర్డర్‌లో రెండింటి మధ్య నెలల దూరం రావచ్చు, చిక్కంతా అక్కడే.

మీ ఖాతాలో 100 ఉండి, 60 హోల్డ్ పడిందనుకోండి. యాప్‌లో రెండు అంకెలు కనిపించాలి: ఖాతా బ్యాలెన్స్ 100, వాడుకోదగ్గ బ్యాలెన్స్ 40. చాలా యాప్‌లు రెండోదాన్నే పెద్ద అక్షరాలతో చూపిస్తాయి కాబట్టి ‘కట్ అయిపోయింది’ అనిపిస్తుంది. లావాదేవీ పక్కన ‘పెండింగ్’ అని ఉంటే అది హోల్డ్. తేదీతో స్టేట్‌మెంట్‌లోకి ఎక్కితే అది క్యాప్చర్.

హోల్డ్ ఎప్పటికీ ఉండిపోదు. ఆన్‌లైన్ కొనుగోళ్లలో సాధారణంగా వారం రోజులు, కొన్ని రకాల ఆథరైజేషన్లలో 30 రోజుల వరకు నిలుస్తుంది. ఆ తర్వాత బ్యాంకు వదిలేస్తుంది. అంటే నాలుగు నెలలు మీ డబ్బును ఆపి ఉంచడం స్టోర్‌కి కుదరదు. ఈరోజు పడిన హోల్డ్ కొన్నాళ్లకు దానంతటదే రాలిపోతుంది, గేమ్ పంపే ముందు స్టోర్ మళ్లీ కొత్త ఆథరైజేషన్ అడుగుతుంది. మధ్యలో బ్యాలెన్స్ తిరిగి పెరిగిందని ‘ఆర్డర్ రద్దయిందా’ అని కంగారుపడి ఇంకోసారి ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. పెట్టకండి. స్టోర్ ఖాతాలో ఆర్డర్ కనిపిస్తున్నంత వరకు అది బతికే ఉన్నట్టు.

ఇదంతా డబ్బు తర్వాత తీసుకునే స్టోర్ల సంగతి. స్టీమ్ లాంటి డిజిటల్ స్టోర్ ప్రీ-ఆర్డర్ చేసిన రోజే మొత్తం తీసేసుకుంటుంది. విడుదలకు వారం పది రోజుల ముందు తీసుకునేవీ ఉన్నాయి. చెల్లించే బటన్‌కి పైనో కిందో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది, ‘ఎప్పుడు వసూలు చేస్తాం’ అన్నది అందులోనే ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే తర్వాత వాదనకు పనికొస్తుంది.

ప్రశ్న: మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ స్టోర్ ‘చెల్లింపు విఫలం’ అంది. బ్యాంకు యాప్‌లో చూస్తే మూడుసార్లూ డబ్బు పోయినట్టుంది. ఆర్డర్ ఒక్కటీ లేదు!

బ్యాంకే తిరస్కరించి ఉంటే హోల్డ్ పడేది కాదు. హోల్డ్ పడిందంటే బ్యాంకు సరేనంది, స్టోర్ వద్దంది అని అర్థం. ఇది వినడానికి వింతగా ఉన్నా తరచూ జరిగేదే.

మామూలు కారణం చిరునామా. కొన్ని దేశాల్లో బ్యాంకులు డబ్బు ఉందో లేదో చెప్పే జవాబులోనే, మీరిచ్చిన బిల్లింగ్ చిరునామా తమ రికార్డుతో కలిసిందో లేదో కూడా చెబుతాయి. ‘డబ్బు ఉంది, ఆపాం. చిరునామా మాత్రం కలవలేదు’ అని జవాబు వెళుతుంది. స్టోర్ రెండో ముక్క చూసి భయపడి ఆర్డర్ కొట్టేస్తుంది. కానీ మొదటి ముక్క ప్రకారం మీ డబ్బు అప్పటికే ఆగిపోయింది. పద్ధతి తెలిసిన స్టోర్ వెంటనే రివర్సల్ సందేశం పంపి హోల్డ్ తీయిస్తుంది. బద్ధకించే స్టోర్ ఏమీ పంపదు, హోల్డ్ గడువు తీరేదాకా అలాగే ఉంటుంది. మీరు బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త హోల్డ్. అలా మూడు నొక్కులకు మూడు హోల్డ్‌లు. నాలుగోసారి నొక్కి ఉంటే బ్యాలెన్స్ చాలక బ్యాంకే నిజంగా తిరస్కరించి ఉండేదేమో.

ముందు నొక్కడం ఆపండి. తర్వాత బ్యాంకులో మీ చిరునామా ఎలా ఉందో చూసి, స్టోర్ ఖాతాలో అచ్చంగా అలాగే రాయండి. ఈ పోలికలో వీధి పేరు స్పెల్లింగ్ కన్నా అంకెలే కీలకం: ఇంటి నంబరు, పోస్టల్ కోడ్. ఇల్లు మారి బ్యాంకులో పాత చిరునామానే వదిలేసినవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. సీవీవీలో ఒక్క అంకె తప్పినా ఇదే కథ జరిగే అవకాశం ఉంది. వీపీఎన్ (ఇంటర్నెట్‌లో మీరున్న చోటును దాచే సదుపాయం) ఆన్‌లో ఉంటే తీసేయండి. కార్డు ఒక దేశానిది, ఇంటర్నెట్ చిరునామా ఇంకో దేశానిది అయితే స్టోర్‌లోని మోసాలు పట్టే వ్యవస్థ అనుమానిస్తుంది.

అన్నీ సరిచేశాక ఒక్కసారి ప్రయత్నించండి. అదీ విఫలమైతే స్టోర్‌ని ‘ఏ కోడ్‌తో తిరస్కరణ వచ్చింది’ అని అడగండి. 51 అంటే బ్యాలెన్స్ చాల్లేదు. 54 అంటే కార్డు గడువు అయిపోయింది. 14 అంటే నంబరే తప్పు. 05 అంటే బ్యాంకు కారణం చెప్పకుండా వద్దంది, అప్పుడు ఫోన్ చేయాల్సింది బ్యాంకుకే. ఆన్‌లైన్ లేదా విదేశీ లావాదేవీలు కార్డుపై ఆపేసి ఉన్నాయా అని మొదట అదే అడగండి.

ప్రశ్న: ఆర్డర్ పెట్టిన రెండో రోజే రద్దు చేశాను. డబ్బు రాలేదు. స్టోర్ ‘మేం తీసుకోలేదు, బ్యాంకును అడగండి’ అంటోంది. బ్యాంకు ‘స్టోర్‌ని అడగండి’ అంటోంది. ఎవరిని నమ్మాలి?

ఇద్దరూ తమ వరకు నిజమే చెబుతున్నారు. మధ్యలో బంతి మీరయ్యారు.

డబ్బు ఏ మెట్టు మీద ఉందో ముందు తేల్చుకోండి. ఇంకా పెండింగ్‌లోనే ఉంటే అది రిఫండ్ వ్యవహారం కాదు. స్టోర్ చేయాల్సింది ఆథరైజేషన్‌ని రద్దు చేస్తూ రివర్సల్ పంపడం. అది వస్తే కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో హోల్డ్ పోతుంది. పంపకపోతే గడువు దాకా ఆగాలి. హోల్డ్ పోయినప్పుడు ‘జమ అయింది’ అని విడిగా ఒక వరుస కనబడదు. పెండింగ్ వరుస మాయమవుతుంది, అంతే. జమ వరుస కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్లలో కొందరికి డబ్బు ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. పాత బ్యాలెన్స్‌తో ఒకసారి పోల్చి చూడండి.

పెండింగ్ దాటి స్టేట్‌మెంట్‌లోకి ఎక్కితే అది రిఫండ్. సాధారణంగా 5 నుంచి 10 పనిదినాలు పడుతుంది, ఇది మాత్రం విడిగా జమగా కనిపిస్తుంది.

స్టోర్‌కి రాసేటప్పుడు ‘నా డబ్బు ఇవ్వండి’ అంటే మళ్లీ అదే జవాబు వస్తుంది. ‘ఫలానా ఆర్డర్ నంబరు మీద ఆథరైజేషన్ రివర్సల్ పంపారా? ఏ తేదీన? ఆథరైజేషన్ కోడ్ ఎంత?’ అని అడగండి. ఆ జవాబు చేతికొచ్చాక బ్యాంకుకు ఫోన్ చేసి ఐదు సంగతులు చెప్పండి: లావాదేవీ తేదీ, పైసలతో సహా మొత్తం, యాప్‌లో కనిపిస్తున్న వ్యాపారి పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, ఆ ఆథరైజేషన్ కోడ్. వ్యాపారి వదులుకున్నట్టు రాతపూర్వకంగా ఉంటే చేత్తో హోల్డ్ తీసే వీలు చాలా బ్యాంకులకు ఉంటుంది. స్టోర్ ఈమెయిల్‌ని అలాగే పంపగలిగితే పని త్వరగా తెములుతుంది. రిఫండ్ అయితే ఆథరైజేషన్ కోడ్ బదులు ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబరు అడగండి. ‘రిఫండ్ ఇచ్చాం’ అని స్టోర్, ‘రాలేదు’ అని బ్యాంకు అంటున్నప్పుడు ఆ సొమ్ము ఎక్కడ ఆగిందో ఆ నంబరుతో పట్టుకోవచ్చు.

స్టోర్ వేరే కరెన్సీలో అమ్మితే ఇంకో తిరకాసు. హోల్డ్ ఒకరోజు మారకపు రేటుతో పడుతుంది, క్యాప్చర్ ఇంకోరోజు రేటుతో జరుగుతుంది, రిఫండ్ మూడో రోజు రేటుతో వస్తుంది. ఈ మూడు అంకెలూ ఒకటే కావాలని లేదు. తేడా చిన్నదైతే అది స్టోర్ చేసిన మోసం కాదు.

ప్రశ్న: కార్డు జతచేయగానే 1 రూపాయి కట్ అయింది. ఎందుకు?

కార్డు బతికే ఉందా అని తట్టి చూడటం. కార్డును పరీక్షించడానికి సున్నా మొత్తంతో ఆథరైజేషన్ అడిగే వీలుంది. అన్ని స్టోర్లూ, అన్ని బ్యాంకులూ దాన్ని వాడవు కాబట్టి ఒక చిన్న అంకెతో అడిగి వదిలేస్తాయి. కొన్ని రోజుల్లో మాయమవుతుంది. మీరు ఎక్కడా కార్డు జతచేయకుండానే తెలియని పేరుతో ఇలాంటి చిల్లర మొత్తం కనిపిస్తే మాత్రం సంగతి వేరు. దొంగిలించిన నంబరు పనిచేస్తుందో లేదో ఎవరో చూసుకుంటున్నారు. వెంటనే కార్డు బ్లాక్ చేయించండి.

ప్రశ్న: ఆరు నెలల కిందట ప్రీ-ఆర్డర్ చేశాను, బీటా కూడా ఆడాను. తీరా విడుదల రోజు ‘చెల్లింపు కుదరలేదు’ అని ఈమెయిల్ వచ్చింది. అప్పుడు పనిచేసిన కార్డు ఇప్పుడెందుకు పనిచేయలేదు?

ఆరు నెలల కిందటి ‘సరే’ ఎప్పుడో చెల్లిపోయింది. విడుదల ముందు స్టోర్ కొత్తగా అడిగింది, ఈసారి బ్యాంకు కాదంది.

అనుమానించాల్సిన మొదటి ముద్దాయి ఒక్కసారే పనిచేసే వర్చువల్ కార్డు, అంటే చేతికి ప్లాస్టిక్ రాకుండా నంబరు రూపంలోనే ఉండే కార్డు. భద్రత కోసం దాన్ని వాడటం మంచి అలవాటే, కానీ ప్రీ-ఆర్డర్‌కి పనికిరాదు. తొలి ఆథరైజేషన్‌తోనే దాని ఆయుష్షు తీరిపోతుంది. వర్చువల్ కార్డే కావాలంటే ఒకే వ్యాపారికి కట్టుబడి, పలుమార్లు పనిచేసే రకం తీసుకుని, గడువును విడుదల తేదీ దాటి కనీసం రెండు నెలలకు పెట్టండి. విడుదలలు వాయిదా పడటం గేమ్‌ల లోకంలో కొత్త కాదు.

రెండోది గడువు తీరి మారిన కార్డు. కొత్త నంబరును స్టోర్‌కి చేరవేసే సదుపాయం కార్డు నెట్‌వర్క్‌లలో ఉంది, కానీ బ్యాంకూ స్టోర్ కూడా అందులో ఉంటేనే పని జరుగుతుంది. దాని మీద ఆధారపడకండి. ఇంకొకటి, మామూలు ఎడిషన్ నుంచి డీలక్స్‌కు మారినప్పుడు జరిగేది: పాత హోల్డ్ పోకముందే కొత్తది పడుతుంది, కొన్ని రోజులు రెండు ధరలకూ సరిపడా లిమిట్ కావాలి. పోతే, మీరు లేనప్పుడు వచ్చే ఆథరైజేషన్‌కి ఓటీపీ ఎవరూ కొట్టలేరు. మొదట్లోనే ‘తర్వాత వసూలు చేసుకోవచ్చు’ అన్న అనుమతి సరిగా నమోదు కాకపోతే బ్యాంకు ఆ అభ్యర్థనను వెనక్కి పంపవచ్చు.

విడుదలకు పది పన్నెండు రోజుల ముందు స్టోర్ ఖాతాలోకి వెళ్లి కార్డు గడువు, చిరునామా, లిమిట్ చూసుకోండి. చెల్లింపు విఫలమైనా చాలా స్టోర్లు వెంటనే రద్దు చేయవు, కార్డు మార్చడానికి కొంత వ్యవధి ఇస్తాయి. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి ఉండకూడదు, అంతే. అలాగని అందులోని లింక్ నొక్కకండి. విడుదల వారంలో అచ్చం అలాంటి దొంగ ఈమెయిళ్లు కూడా వస్తాయి. స్టోర్ సైట్‌కి మీరే వెళ్లి కార్డు మార్చండి.

ప్రశ్న: బీటా రేపే మొదలు. ప్రీ-ఆర్డర్ చేసి నెలైంది, కోడ్ రాలేదు.

ముందు మీకు కోడ్ అనేది ఉందో లేదో చూడండి. కన్సోల్ స్టోర్‌లోనో స్టీమ్‌లోనో డిజిటల్‌గా కొంటే చాలాసార్లు కోడే ఉండదు. బీటా లైసెన్స్ మీ ఖాతాకే జతవుతుంది, లైబ్రరీలో విడి ఐటమ్‌గా కనిపిస్తుంది, లేదా గేమ్ పేజీలో డౌన్‌లోడ్ బటన్ వస్తుంది. అలా కాకుండా డిస్క్ అమ్మే దుకాణంలో కొంటే కోడ్ ఈమెయిల్‌లోనో రసీదు మీదో వస్తుంది. ఆర్డర్ పెట్టిన రోజే రాకపోవచ్చు. ప్రచురణకర్త నుంచి దుకాణానికి కోడ్‌లు గంపగుత్తగా వచ్చాక, బీటాకు కొద్ది రోజుల ముందు పంపుతారు. నగదు కట్టి రసీదు పారేసినవాళ్లకు పాపం దారి తక్కువ.

వచ్చిన కోడ్‌ని నేరుగా కన్సోల్‌లో కొట్టి ‘చెల్లదు’ అంటోందని రాసేవాళ్లూ ఉన్నారు. కాల్ ఆఫ్ డ్యూటీ బీటాల్లో దుకాణం ఇచ్చే 13 అక్షరాల కోడ్‌ని గేమ్ వెబ్‌సైట్‌లో రిడీమ్ చేయాలి, కన్సోల్‌లో కాదు. అక్కడ ఏ ప్లాట్‌ఫామ్ అని అడిగితే రెండుసార్లు చూసుకుని ఎంచుకోండి. ఒకసారి పీసీ అని నొక్కాక కన్సోల్‌కి మార్పించుకోవడం పెద్ద తతంగం. రసీదు మీది అక్షరాల్లో సున్నా, ఓ, ఒకటి, ఐ, ఎనిమిది, బి తారుమారవుతుంటాయి. ప్లాట్‌ఫామ్ ఖాతా ఏ ప్రాంతంలో తెరిచారన్నది కూడా చూసుకోండి, ఒక ప్రాంతం కోడ్ ఇంకో ప్రాంతం ఖాతాలో పనిచేయకపోవచ్చు. మొదలయ్యే వేళ ఏ టైమ్ జోన్‌లో ప్రకటించారో చూడకపోతే ‘రేపు’ అన్నది ఎల్లుండి కావచ్చు.

అసలు కోడ్ కోసం ఇంత ఆరాటం అవసరమా అన్నది వేరే ప్రశ్న. 2007లో హాలో 3 బీటాకు దారి క్రాక్‌డౌన్ అనే ఇంకో గేమ్ డిస్క్‌లో పెట్టారు, బీటా కోసమే దాన్ని కొన్నవాళ్లున్నారు. 2014 జులైలో డెస్టినీ బీటా ప్రీ-ఆర్డర్ చేసినవాళ్లకు ముందుగా 17న ప్లేస్టేషన్‌లో, 23న ఎక్స్‌బాక్స్‌లో తెరుచుకుంది. 24న అందరికీ తెరిచేశారు. ఎక్స్‌బాక్స్ వాళ్లకు ప్రీ-ఆర్డర్‌తో దక్కిన ముందంజ ఒక్క రోజు. చాలా బీటాలు మొదటి వారాంతం ప్రీ-ఆర్డర్లకు, రెండోది అందరికీ అన్నట్టే నడుస్తున్నాయి. ‘ఓపెన్ బీటా’ తేదీ ప్రకటించారేమో చూసి, ఆ రెండు మూడు రోజుల తేడా మీకు ముఖ్యమైతేనే కార్డు తీయండి. బయట అమ్మే బీటా కోడ్‌లు మాత్రం కొనకండి, వాడేసిన కోడ్ అంటగట్టినా అడిగే దిక్కుండదు.

ప్రశ్న: బీటా ఆడి చూసి, నచ్చకపోతే ప్రీ-ఆర్డర్ రద్దు చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ఎక్కడ కొన్నారన్న దాన్నిబట్టి. స్టీమ్‌లో విడుదలకు ముందు కొన్న గేమ్‌కి 14 రోజుల రిఫండ్ గడువు విడుదల తేదీ నుంచే మొదలవుతుంది. రెండు గంటల ఆట పరిమితిలోకి బీటా పరీక్షలో ఆడిన సమయం రాదు. ‘అడ్వాన్స్‌డ్ యాక్సెస్’ పేరుతో విడుదలకు కొన్ని రోజుల ముందు పూర్తి గేమే ఇస్తే మాత్రం ఆ సమయం లెక్కలోకి వస్తుంది. 2024 నుంచి నిబంధనలో ఇది స్పష్టంగా రాశారు. పైకి రెండూ ‘ముందే ఆడండి’ అన్నట్టే కనిపిస్తాయి, రిఫండ్ దగ్గర మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా.

ప్లేస్టేషన్ స్టోర్‌లో విడుదలకు 14 రోజుల కన్నా ముందు ప్రీ-ఆర్డర్ చేస్తే, విడుదల దాకా ఎప్పుడైనా వెనక్కి అడగొచ్చు. ఆ 14 రోజుల్లోపల చేస్తే డబ్బు కట్టిన రోజు నుంచి 14 రోజుల గడువు ఉంటుంది, కానీ అసలు గేమ్ డౌన్‌లోడ్ మొదలై ఉండకూడదు. కన్సోల్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే మీరు నిద్రలో ఉండగానే ఆ హక్కు పోవచ్చు. నిర్ణయం తేలేవరకు దాన్ని ఆఫ్ చేయండి.

డిస్క్ అమ్మే దుకాణాలు పార్సెల్ కదిలేలోపు సాధారణంగా రద్దు ఒప్పుకుంటాయి. బీటాకు ముందే రద్దు చేస్తే కోడ్ రాదు. ఖాతాకు జతైన బీటా లైసెన్స్ ఆర్డర్‌తో పాటే పోతుంది. ప్రతి బీటాకూ ఇలాగే కొని, ఆడి, వెనక్కివ్వడం అలవాటైతే స్టీమ్ దాన్ని దుర్వినియోగంగా చూసి రిఫండ్‌లు ఆపేయగలదు.

ప్రశ్న: ప్రీ-ఆర్డర్‌కి డెబిట్ కార్డా, క్రెడిట్ కార్డా, ప్రీపెయిడా?

క్రెడిట్. హోల్డ్ పడితే లిమిట్ తగ్గుతుంది, ఇంటి ఖర్చుకు ఉంచిన నగదు ఆగదు. డెబిట్ వాడక తప్పకపోతే గేమ్ ధరకు రెట్టింపు ఉన్న రోజునే ఆర్డర్ పెట్టండి. ప్రీపెయిడ్ కార్డులో సరిగ్గా ధరకు సరిపడా వేస్తే పన్నులకో మారకపు తేడాకో చాలక ఆగిపోతుంది. నెలల తర్వాత వసూలు చేసే స్టోర్ దగ్గర అది ఎప్పటికీ తలనొప్పే.

ప్రశ్న: హోల్డ్ పోవడం లేదు, ఛార్జ్‌బ్యాక్ వేస్తానని బెదిరించనా?

ఛార్జ్‌బ్యాక్ అంటే కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని మీ బ్యాంకు దగ్గర వేసే ఫిర్యాదు. పెండింగ్ మీద దాన్ని వేసే వీలే లేదు. క్యాప్చర్ జరిగాకే అది పుడుతుంది. హోల్డ్ స్టేట్‌మెంట్‌లోకి ఎక్కిందా అని చూడండి. ఎక్కి, రద్దు చేసినట్టు రుజువు మీ దగ్గరుండి, స్టోర్ రిఫండ్ ఇవ్వకపోతే అప్పుడు వేయండి. దానికీ గడువుంటుంది కాబట్టి స్టోర్ నుంచి చివరి జవాబు వచ్చాక నెలలు గడవనివ్వకండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: డిజిటల్ స్టోర్ మీద ఛార్జ్‌బ్యాక్ వేస్తే ఆ ఖాతాకు తాళం పడొచ్చు, అందులో మీరు ఇంతకుముందు కొన్న గేమ్‌లన్నీ లోపలే ఉండిపోతాయి. స్టోర్ సపోర్ట్‌కి రాసిన టికెట్ నంబర్లన్నీ ఒకచోట పెట్టుకుని, మొదట వాళ్ల పైఅధికారి దాకా తీసుకెళ్లండి.